ఆదివారం విన్న వాక్యం సోమవారం బస్సెక్కాలంటే: నవ్వుతూ క్రీస్తు బోధను బతుకులోకి తెచ్చుకునే మార్గదర్శి

సోమవారం పొద్దున దేవరకొండ బస్టాండులో హైదరాబాద్ బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, కర్చీఫులు లోపలికి పడుతుంటాయి. ఒకరోజు ఒకాయన అట్లాగే కిటికీలోంచి తువ్వాల వేసి, మందిని తప్పించుకుంటూ ఎక్కేసరికి ఆ సీట్లో ఒక ముసలమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అవ్వా, అది నా తువ్వాల" అన్నాడు కొంచెం గట్టిగానే. ఆమె తువ్వాల తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చింది. "మరిచిపోయినవేమో బిడ్డా, పైలంగ పెట్టిన." చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన ముఖం ఒక్క క్షణం మాడింది, ఆ వెంటనే ఆయనకూ నవ్వాగలేదు. దారిలో వచ్చే మాల్ ఊరి దాకా నిలబడే వచ్చాడు.

ఆయన మా సంఘంలోని మనిషే. ముందురోజు ఆరాధనలో లూకా 14వ అధ్యాయం చదివింది ఆయనే. పెళ్లి విందుకు పిలిస్తే పోయి అగ్రపీఠం మీద కూర్చోవద్దు, కడపటి చోట కూర్చో అని ప్రభువు చెప్పిన భాగం అది. దిగేముందు నా దగ్గరికి వచ్చి, "అక్కా, నిన్న చదివిన గానీ ఇయ్యాల అర్థమైంది" అన్నాడు.

అవ్వ ఆ మాట అనకపోతే ఏం జరిగేదో ఈ దారిలో తిరిగేవాళ్లందరికీ తెలుసు. నీ సీటా నా సీటా అని మాల్ దాకా పంచాయితీ నడిచేది. ఇన్నేళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు, స్త్రీల కూడికలో అక్కలకు పాఠం చెప్తూ నాకు తెలిసొచ్చింది ఒకటి ఉంది. క్రీస్తు బోధ తెలియక మనం తప్పడం లేదు, తెలిసింది సమయానికి గుర్తుకు రాక తప్పుతున్నాం. కోపమో పంతమో బిగించి పట్టుకున్న మనసులో వాక్యానికి చోటుండదు. మంచి నవ్వు ఆ పట్టును కొంచెం వదులు చేస్తుంది. ఆ వదులైన సందులోంచి వాక్యాన్ని లోపలికి ఎట్లా తెచ్చుకోవాలో అడుగడుగునా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన దిక్కు ఈ బోధ ఎవరి ద్వారా వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ నల్గొండలో పని మొదలుపెట్టాడు. ఆయన రష్యా నుంచి వచ్చినవాడు, మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ మనిషి. ఆ తర్వాత మెనోనైట్ బ్రదరన్ మిషనరీల పని దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల, మహబూబ్‌నగర్‌ల దాకా పోయింది. జడ్చర్లలోని మిషన్ ఆసుపత్రి ఆ సంఘానిదే. మెనోనైట్లు ఆయుధం పట్టబోమని తరతరాలుగా నిలబడినవాళ్లు. వాళ్లు తమ పిల్లలకు డిర్క్ విల్లెమ్స్ కథ చెప్తారు. 1569లో నెదర్లాండ్స్‌లో విశ్వాసం కోసం జైలుపాలై తప్పించుకుని పారిపోతుంటే, వెంట తరుముతున్నవాడు గడ్డకట్టిన నీటిమీద మంచు పగిలి అందులో పడిపోయాడు. విల్లెమ్స్ వెనక్కి తిరిగి వచ్చి వాణ్ని బయటికి లాగాడు. అందువల్లే పట్టుబడ్డాడు, మంటల్లో ప్రాణం పోయింది. అంత పెద్ద పరీక్ష మనకు రాకపోవచ్చు. మనకు వచ్చేవి గెట్టు దగ్గర జానెడు నేల, నల్లా దగ్గర బిందెడు నీళ్లు, బస్సులో ఒక సీటు. అక్కడ చెయ్యి చాపగలిగితే చాలా దూరం వచ్చినట్టే.

మొదటి అడుగు: ఒక వారం, ఒక వాక్యం, ఒక చోటు

కొండమీది ప్రసంగం మత్తయి సువార్తలో 5, 6, 7 అధ్యాయాలు. మొత్తం 111 వచనాలు. ఒక్కసారి కూర్చుంటే పదిహేను, ఇరవై నిమిషాల్లో చదవడం అయిపోతుంది. ఇవన్నీ రేపటి నుంచి పాటిస్తాను అని లేచినవాళ్లు మంగళవారానికే అలసిపోతారు. అందుకని వారానికి ఒక్క వచనం తీసుకోండి.

అయితే వచనం తీసుకుంటే సరిపోదు, దాన్ని ఎక్కడ పాటిస్తారో ఆ చోటు కూడా తేల్చుకోవాలి. "ఈ వారం అందరినీ ప్రేమిస్తాను" అంటే ఎవరినీ ప్రేమించకుండానే వారం గడిచిపోతుంది. "ఈ వారం నల్లా వచ్చినప్పుడు పక్కింటి చిన్నమ్మ బిందె నా బిందె కన్నా ముందు పెడతాను" అనుకోండి. అప్పుడు మీ విశ్వాసానికి ఒక టైం, ఒక బిందె, ఒక చిన్నమ్మ ఉంటారు. పొద్దున నీళ్లు వచ్చే ఆ ముప్పావు గంటే మీ పరీక్ష హాలు.

ఆ వచనాన్ని చీటీ మీద రాసి ఆ చోటులోనే అంటించండి. కోపం ఫోన్‌లో వచ్చేవాళ్లు ఫోన్ కవర్ వెనక, వంటింట్లో వచ్చేవాళ్లు పోపుల డబ్బా మూత మీద, బండి మీద వచ్చేవాళ్లు పెట్రోల్ ట్యాంకు మీద. ఈ సంగతి ఒక్కరికే చెప్పండి. ఊరంతా చెప్తే అది కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనియ్యొద్దన్న మాటకు ఎదురు పోతుంది. ఎవరికీ చెప్పకపోతే బుధవారం జారిపోయినప్పుడు గుర్తుచేసే మనిషి ఉండదు.

రెండో అడుగు: వాక్యంలోనే ఉన్న నవ్వును పట్టుకోండి

బైబిల్ గంభీరంగా చదవాల్సిన గ్రంథమే. కానీ గంభీరంగా చదివే అలవాటులో అందులోని నవ్వును దాటిపోతున్నాం. విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న అబ్రాహాముకు నూరేళ్లకు పుట్టిన కొడుకు పేరు ఇస్సాకు. ఆ పేరుకు అర్థమే నవ్వు. తొంభై ఏళ్ల శారా గుడారం తలుపు చాటున నవ్విన నవ్వు, బిడ్డ పుట్టాక "దేవుడు నాకు నవ్వు కలుగజేసెను" అన్న సాక్ష్యంగా మారింది.

యోనా సంగతి చూడండి. పెద్ద పట్టణం మారుమనస్సు పొందితే ఏ ప్రవక్త అయినా సంతోషపడాలి. ఈయన అలిగి ఊరి బయట కూర్చున్నాడు. దేవుడు ఒక సొరచెట్టు మొలిపించాడు. మన దిక్కు చెప్పాలంటే అనిగెపుకాయ తీగ. దాని నీడకు చాలా సంతోషపడ్డాడు, మర్నాడు పురుగు తొలిచి అది ఎండిపోతే చావు వస్తే బాగుండు అన్నాడు. చెట్టు కోసం నువ్వు ఇంత బాధపడితే, లక్షా ఇరవై వేలమందికి పైగా ఉన్న ఊరి కోసం, అందులోని పశువుల కోసం నేను బాధపడొద్దా అని దేవుడు అడుగుతాడు. గ్రంథం ఆ ప్రశ్న మీదే ఆగిపోతుంది. మన కోపం ఎంత పెద్దదో, దానికి కారణం ఎంత చిన్నదో పక్కపక్కన పెట్టి చూపే కథ ఇది. ఇంట్లో ఎవరైనా చిన్న విషయానికి అలిగితే "సొరచెట్టు ఎండిందా?" అని మెల్లగా అడిగే కుటుంబాలు నాకు తెలుసు. ఆ ఒక్క మాటకే అలక సగం దిగిపోతుంది.

దోమను వడకట్టి ఒంటెను మింగేవాళ్లని ప్రభువు అన్నప్పుడు విన్నవాళ్లు నవ్వే ఉంటారు. ఆయన మాట్లాడిన అరామిక్‌లో ఆ రెండు మాటలూ దాదాపు ఒకే తీరుగా వినిపిస్తాయని పండితులు చెప్తారు. ఇక కంట్లో దూలం మాట. చెప్పినాయన వడ్లవాడు, అంటే వడ్రంగి. నలుసంటే ఏందో, దూలమంటే ఏందో చేతులతో ఎరిగినవాడు. మన పాత పెంకుటిళ్లలో దూలాన్ని ఎత్తడానికి నలుగురు మనుషులు కావాలి. అది కంట్లో ఉండగా ఒకాయన వచ్చి "తమ్మీ, నీ కంట్లో నలుసుంది, తీస్తా" అంటున్నాడు!

దీన్ని పిల్లలతో ఆడించండి. చార్టు కాగితాన్ని గట్టిగా చుట్టి ఒక పిల్లవాడి కంటి దగ్గర పెట్టుకోమనండి. ఇంకొకడి చెంప మీద చిటికెడు శనగపిండి అంటించండి. మొదటివాడు వచ్చి ఆ పిండి తుడవాలి, కాగితం మాత్రం కంటి దగ్గర్నుంచి తీయకూడదు. వాడు దగ్గరికి వంగిన ప్రతిసారీ కాగితపు దూలం పోయి రెండోవాడి నుదుటికి తగులుతుంది. మూడోసారి తగిలేసరికి ఆ రెండోవాడు "ఆగురా, ముందు నీది తియ్యిరా!" అని అరుస్తాడు. నేను ఎప్పుడు ఆడించినా ఈ మాట ఏ పిల్లవాడో ఒకడు అంటాడు. అప్పుడు బైబిల్ తెరిచి మత్తయి 7:5 చదివితే చాలు. విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

మూడో అడుగు: ఏ నవ్వు పనికిరాదో తెలుసుకోండి

ఇక్కడ కొంచెం ఆగాలి. నవ్వుకు పదును ఉంది. పొరుగువాణ్ని మోసం చేసి "ఊకనే అన్న, నవ్వులాటకు" అనేవాడు నిప్పుకొరవులు విసిరే పిచ్చివాడి లాంటివాడని సామెతలు 26వ అధ్యాయం చెప్తుంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు బూతు జోకుల్ని, వెకిలి మాటల్ని వద్దంటాడు.

మన నల్గొండ జిల్లా వాళ్లం దీన్ని ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊళ్లలో బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎంతమంది కాళ్లు, నడుములు వంచిందో మనం చూశాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు ఏళ్లకేళ్లు తాగినవాళ్లు వాళ్లు. వాళ్లకు కొన్నిచోట్ల వంకర పేర్లు పెట్టి పిలిచారు, నవ్వారు కూడా. అది పాపం. ఇంకో మాట పెట్టి మెత్తగా చెప్పలేను. చెవిటివాణ్ని తిట్టొద్దు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టొద్దు అని లేవీయకాండం 19:14లో ఉంది. మనిషి ఒళ్లు, రంగు, కులం, పేదరికం, సంతానం లేకపోవడం, వలసపోయి బతకడం... వీటి మీద నవ్వు చర్చి మెట్ల మీద వినిపించినా సరే, అక్కడికక్కడే ఆపండి.

పరీక్ష సులువు. మీరన్న మాటకు అందరికన్నా ముందు ఎవరు నవ్వారో చూడండి. ఎవరి గురించి అన్నారో ఆ మనిషే ముందు నవ్వితే అది మంచి మాట. ఆ మనిషి తప్ప అందరూ నవ్వితే, వెంటనే పోయి క్షమాపణ అడగండి.

ఇంకొకటి. చావు ఇంట్లో, ఆసుపత్రి మంచం దగ్గర, పెళ్లి తప్పిపోయిన ఇంట్లో నవ్వించే పని పెట్టుకోవద్దు. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు పాడటం చలిరోజు పైబట్ట తీసేసినట్టని సామెతల్లోనే ఉంది. ఏడ్చేవాళ్లతో ఏడవండి. వాళ్లే ఎప్పుడో పోయిన మనిషి మంచి ముచ్చట ఒకటి తలుచుకుని నవ్వుతారు, అప్పుడు కలిసి నవ్వండి.

నాలుగో అడుగు: పొద్దు గుంకేలోపు

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని ఎఫెసీ 4:26. మన దిక్కు డిసెంబరులో పొద్దు ఆరు లోపే గుంకుతుంది, జూన్‌లో ఏడు దగ్గరైనా వెలుతురు ఉంటుంది. ఎండకాలం కోపానికి గంటసేపు ఎక్కువ సమయం దొరుకుతుందని మా కూడికలో ఒక అక్క లెక్క చెప్తే అందరం నవ్వాం. కానీ ఆమె ఆ లెక్కను నిజంగానే వాడుతుంది. గోడ మీది క్యాలెండరులో ఆ నెల పొద్దు గుంకే టైం రాసి పెట్టుకుంది. ఆ టైంకి పది నిమిషాల ముందు ఇంట్లో ఎవరి మధ్య మాటలు లేవో చూసి, చాయ్ గిన్నె పొయ్యి మీద పెడుతుంది. చాయ్ మరిగేలోపు మొదటి మాట ఎవరైనా అనాలి.

ఆమె ఇంట్లో ఒక రోజు జరిగింది చెప్తాను, ఆమె అనుమతితోనే. మధ్యాహ్నం పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైంది. భర్త నోట్లో పెట్టుకుని, చుట్టాల ముందర "మనింటికి సముద్రం దూరమని ఎవరన్నరు?" అన్నాడు. చుట్టాలు నవ్వారు. ఆమె నవ్వలేదు. పైన చెప్పిన పరీక్షలో ఆయన తప్పాడు. సాయంత్రం చాయ్ పొంగుతుంటే వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. "పొద్దటి సంది పని చేస్తనే ఉన్నవ్. అందరి ముందర గట్ల అనొద్దుండె. తప్పయింది" అన్నాడు. ఆమె కాసేపు పలకలేదు. తర్వాత చాయ్ పోసిస్తూ అంది: "చక్కెర చూసుకుని తాగు. సముద్రంల చక్కెర ఉండది." అప్పుడు ఇద్దరూ నవ్వారు.

ఈ వరస గమనించండి. ముందు తప్పయిందన్న మాట, తర్వాత నవ్వు. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు. క్షమాపణ అడగడానికి నామోషీ అనిపించి ఒక జోక్ వేసి దాటేద్దామని చూస్తారు. అవతలి మనిషి నవ్వకపోతే "నీకు జోక్ కూడా అర్థం కాదు" అని మళ్లీ కోపం. నవ్వు క్షమాపణ వెనకాల వస్తే మందు, ముందొస్తే కారం. ఆ మాట భార్య అనాలా భర్త అనాలా అనే ప్రశ్న వద్దు. గుర్తొచ్చినవాళ్లు అనాలి.

ఐదో అడుగు: చేబదులు, క్షమాపణ

మన మధ్య స్నేహాలు, చుట్టరికాలు ఎక్కువగా చెడేది డబ్బు దగ్గరే. మేనబావ ఐదువేలు చేబదులు తీసుకుని, సంకురాత్రికి ఇస్తానన్నవాడు, ఉగాది కూడా దాటాక మిమ్మల్ని చూసి సందు మలుపు తిరుగుతాడు. మీకు పోయింది ఐదువేలే, ఆయనకు మాత్రం నడిచే దారి పోయింది.

పేతురు ఎన్నిసార్లు క్షమించాలి, ఏడు మార్లా అని అడిగితే డెబ్బది ఏళ్ల మారుల మట్టుకు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అని ప్రభువు చెప్పి, వెంటనే ఒక అప్పు కథ చెప్పాడు. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. రాజు మొత్తం వదిలేశాడు. వాడు బయటికి వచ్చి తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఈ లెక్కను పాలమూరు కూలి లెక్కలోకి మార్చి చూడండి. దేనారం ఒకరోజు కూలి. తలాంతు దాదాపు ఆరువేల దేనారాలు. రోజు కూలి 500 రూపాయలనుకుంటే, తోటివాడి బాకీ 50,000. దాసుడి బాకీ 3,000 కోట్లు! ఏడాదికి 300 రోజులు పని దొరికినా ఆ అప్పు తీరడానికి రెండు లక్షల ఏళ్లు పడుతుంది. ఆ దాసుడు రాజుతో ఏమన్నాడో తెలుసా? కొంచెం ఓర్చుకో, అంతా చెల్లిస్తాను అన్నాడు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే పెద్దవాళ్లు కూడా ముందు నవ్వి, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడరు. మనకు దేవుడు వదిలేసింది ఆ పెద్ద అంకె. మనం పట్టుకున్నది చిన్న అంకె.

అయితే క్షమించడమంటే అడగకపోవడం కాదు. ఇది సరిగ్గా చెప్పకపోవడం వల్ల చాలామంది నోరు మూసుకుని, కడుపులో మంట పెట్టుకుని, దానికే క్షమాపణ అని పేరు పెట్టుకుంటున్నారు. నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వూ వాడూ ఒంటరిగా ఉన్నప్పుడు పోయి చెప్పు అని మత్తయి 18:15. అంటే ముందుగా వాట్సాప్ గ్రూపులో కాదు, దావత్‌లో నలుగురి ముందర కాదు. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పోయి, చాయ్ తాగి, "బావా, నా ఐదువేలు నీ దగ్గర మంచిగున్నయా? చానా దినాలైంది, ఒకసారి చూడాలనిపిస్తుంది" అనండి. ఆయన నవ్వుతాడు. నవ్విన మనిషి దాక్కోడు. అప్పుడు నెలకు వెయ్యి చొప్పునా, పంట వచ్చినాకనా అని తేల్చుకోండి. ఆయన దగ్గర నిజంగా లేకపోతే, మీకు వీలుంటే, ఆ డబ్బు వదిలేస్తున్నానని నోటితో చెప్పేయండి. చెప్పాక మళ్లీ తియ్యొద్దు.

మీరే బాకీ ఉంటే ఇంకా సులువు. పన్నులు వసూలు చేసే జక్కయ్య పొట్టివాడు, ప్రభువును చూడటానికి చెట్టెక్కాడు. దిగినాక ఆయన మొదట మాట్లాడింది ఆస్తి సంగతే: సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. మన బాకీకి నాలుగంతలు ఎవరూ అడగడం లేదు. సందు మలుపు తిరగకుండా ఎదురుపోయి "ఈ నెల కుదర్లేదన్నా, వచ్చే నెల పదో తారీఖు" అనడం చాలు.

ఇందులో ఒక గీత గట్టిగా గీయాలి. ఇంట్లో కొట్టే మనిషి విషయంలో, పిల్లల మీద చెయ్యి వేసే మనిషి విషయంలో ఈ నవ్వులు, చాయ్‌లు, సర్దుకుపోవడాలు వద్దే వద్దు. "క్షమించమ్మా, ప్రార్థన చేసుకో" అని తిప్పి పంపడం క్రీస్తు బోధ కాదు. స్త్రీల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. ఫోన్ చేయండి, చేయించండి, పక్కన కూర్చోండి.

ఆరో అడుగు: అంగడిలో కొలత

మా దిక్కు వారం వారం జరిగే అంగడిలో పల్లికాయ అమ్మే ఒక అవ్వను గంటసేపు చూస్తూ నిలబడ్డాను. తవ్వలో కాయ పోస్తుంది. అరచేత్తో ఒకసారి అదుముతుంది. తవ్వను నేలకేసి రెండుసార్లు కుదుపుతుంది, కాయ కిందికి దిగుతుంది. మళ్లీ పోస్తుంది. పైన కుప్పగా నిలబడేదాకా పోసి, నాలుగు కాయలు జారి పక్కన పడుతుంటే అప్పుడు మీ సంచిలో పోస్తుంది. జారిన ఆ నాలుగు కాయలూ ఏరి మీ పిల్లవాడి చేతిలో పెడుతుంది. లూకా 6:38లో అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలత అని ప్రభువు చెప్పింది అక్షరాలా ఇదే. ఆ అవ్వ ఎన్నడూ చర్చికి రాలేదు. అక్కడ నిలబడ్డాకే ఆ వచనం నాకు కళ్లకు కట్టింది.

దీన్ని మీ పనిలోకి మార్చుకోండి. వడ్లు కొనేవాళ్లయితే తరుగు పేరుతో లేని కిలోలు కోయకండి, దొంగత్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1. పాలు పోసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, ఆఫీసులో ఫైలు కదిపేవాళ్లు అందరికీ ఒక తవ్వ ఉంది. అదిమి, కుదిపి, కొంచెం జారనివ్వండి. కొనేవాళ్లుగా ఉన్నప్పుడు కూడా ఇది వర్తిస్తుంది. పెద్ద షాపులో స్టిక్కరు మీద ఉన్నంత ఇచ్చి వచ్చి, ఎండలో కూర్చున్న కొత్తిమీర అవ్వ దగ్గర రెండు రూపాయలకు గీకవద్దు.

ఏడో అడుగు: ఫోన్‌లో అవును, కాదు

అవునంటే అవును, కాదంటే కాదు. దీనికి సెల్‌ఫోన్ అంత కఠినమైన పరీక్ష లేదు. "నార్కట్‌పల్లి దాటినం" అని ఫోన్‌లో చెప్తుంటే వెనకాల నల్గొండ క్లాక్ టవర్ ఆటోవాళ్ల కేకలు వినపడుతుంటాయి. ఈ వారం నిజం చెప్పి చూడండి: "ఇంకా చెప్పులు తొడుక్కుంటున్న, గంటన్నర పడుతది." అవతలివాళ్లు ముందు ఆశ్చర్యపోతారు, తర్వాత నవ్వుతారు, ఆ తర్వాత హాయిగా అన్నం తిని మీకోసం చూస్తారు. నెల తిరిగేసరికి మీ మాటకు టైం టేబుల్ అంత విలువ వస్తుంది.

ఎనిమిదో అడుగు: మైకు

ఇది మన సంఘాలకు ప్రేమతో చెప్పే మాట. వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ని దీవిస్తే ఆ దీవెన శాపంగా ఎంచబడుతుందని సామెతలు 27:14లో ఉంది. మూడువేల ఏళ్ల కిందటి జ్ఞానానికి మన స్పీకర్ బాక్సుల సంగతి ముందే తెలిసినట్టుంది! రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడొద్దని శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి. చట్టం సంగతి అటుంచినా, మార్చిలో పక్కింటి అమ్మాయి పదో తరగతి పరీక్షలకు చదువుకుంటుంటే, స్పీకరు ముఖాన్ని చర్చి లోపలికి తిప్పడం నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించుమన్న మాటకు సాక్ష్యం. ఆ అమ్మాయి హాల్ టికెట్ నంబరు అడిగి తీసుకుని పేరుపెట్టి ప్రార్థన చేయండి, మైకు లేకుండా.

పాస్టరయ్యలకు కూడా ఒక సంగతి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు వాడిని నిద్రపోయినందుకు ఒక్క మాట అనలేదు. కిందికి దిగి, మీద పడి కౌగిలించుకుని, ప్రాణముంది తొందరపడకండి అన్నాడు. వరికోతల కాలంలో పొద్దంతా పొలంలో వంగి పనిచేసి వచ్చి, కూడికలో కునికే అక్కను చూసినప్పుడు ఈ భాగం గుర్తు చేసుకోండి. ఆ రోజు ప్రసంగం పావుగంట తగ్గిస్తే ఆమెకు అదే సువార్త.

తొమ్మిదో అడుగు: శనివారం రాత్రి ఐదు నిమిషాలు

కుటుంబ ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు అదనంగా కూర్చోండి. ఒక్కొక్కరు ఈ వారం తన కంట్లో దొరికిన దూలం ఒకటి చెప్పాలి. నియమం ఒక్కటే, ఎవరిది వాళ్లే చెప్పాలి, పక్కవాళ్లది గుర్తు చేయకూడదు. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు తెరవరు. అందుకని పెద్దవాళ్లు మొదలుపెట్టాలి. తండ్రి "మంగళవారం అమ్మ మీద ఊకనే అరిచిన" అని పిల్లల ముందర అనగలిగితే ఆ ఇంట్లో సగం పని అయిపోయినట్టే. చెప్పినదాన్ని తర్వాత గొడవలో ఆయుధంగా తీయకూడదు, ఈ మాట ముందే అందరితో ఒప్పించండి. నవ్వొస్తే నవ్వండి, కానీ చెప్పినవాళ్లు నవ్వాకే.

పోయిన క్రిస్మస్ ముందు ఒక ఇంట్లో ఈ ఐదు నిమిషాల్లో నేనూ ఉన్నాను. గరిజెలు చేసి డబ్బాలో పెట్టి ఉన్నాయి. మూడో తరగతి పిల్లవాడి వంతు వచ్చింది. చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చుని, "తమ్ముని గరిజె నేనే తిన్న. పిల్లి తిన్నదని చెప్పిన" అన్నాడు.

"మనింట్ల పిల్లి లేదు కదరా" అంది తల్లి.

"అందుకే చెప్తున్న" అన్నాడు వాడు.

నవ్వు ఆగడానికి కొంచెంసేపు పట్టింది. అందరికంటే ఎక్కువ వాడే నవ్వాడు. తర్వాత తల్లి డబ్బా తీసి ఒక గరిజె వాడి చేతిలో పెట్టి తమ్ముడి వైపు చూసింది. వాడు లేచిపోయి ఇచ్చాడు. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడా కొరకలేదని రూఢి చేసుకుని, అప్పుడు తిన్నాడు.